అబద్ధానికి వెయ్యని బియ్యం

పోయిన వారం మనం నీలవేణిని గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆమె చేతిలో చీపురు, ఎదురుగా రేకు పెట్టె, ఆ పెట్టె పక్కన ఘాట్ రోడ్డు ఎక్కిన ఆయాసంతో రొప్పుతూ ఒక పెద్దావిడ. "నేస్తం, ఒచ్చేసినాను" అంది ఆవిడ. నీలవేణి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎందుకంటే ఆవిడెవరో ఆమెకు బొత్తిగా గుర్తు రాలేదు.

గుర్తు రాకపోవడంలో ఆమె తప్పేం లేదు లెండి. కొర్రగుడ కొండ వాలులో రత్నాలు టూరిస్టులకని టెంట్లు వేసిన దగ్గర్నుంచీ, శని ఆదివారాలు వస్తే చాలు, నీలవేణికి నేస్తాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నారు. ఎంతమందినని గుర్తు పెట్టుకుంటుంది?

నేస్తం కట్టడమంటే ఈ కొండల్లో ఆషామాషీ వ్యవహారం కాదు. వేరే ఇంటివాళ్లు, వేరే కులంవాళ్లు ఇద్దరు చాప మీద ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరి నుదుట ఒకరు బియ్యం అద్దుతారు. ఒకే డొప్పలో అంబలి తాగుతారు. కొండదేవత జాకరమ్మ తల్లి పేరు పైకి చెప్పుకుంటారు. అంతే, ఆనాటి నుంచి వాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, నేస్తం అనే పిలుస్తారు. ఒకరింట చావైతే రెండో ఇంట మైల. నలుగురిలో 'నేస్తం' అని పిలిచి ఏదడిగినా కాదనడానికి లేదు. కాదన్న ఇంటి నీళ్లు ఊళ్లో ఎవరూ ముట్టరు.

రత్నాలుది ఎస్.కోట. ఘాట్ రోడ్డు మలుపులో టీ కొట్టుతో మొదలుపెట్టి టెంట్ల దాకా ఎదిగిన మనిషి. ఈ ఆచారం చూడగానే ఆవిడకి ముచ్చటేసింది. వ్యాపారస్తులకి ముచ్చటేస్తే ఊరికే పోదు కదా! థింసా నాట్యం అయ్యాక, బొంగు చికెన్ తిన్నాక, మంట చుట్టూ చాపలు పరిచి టూరిస్టులకీ ఊరి ఆడవాళ్లకీ నేస్తం కట్టించడం మొదలుపెట్టింది. ముందుగా తనే చాప మీద కూర్చుని నీలవేణితో కట్టించుకుని, వీడియో తీయించి, ఫోన్లలోకి ఎక్కించింది. ఆ వీడియో చూసి జనం ఎగబడ్డారు.

ఊరి ఆడవాళ్లు మరీ అంత అమాయకులేం కాదు. రెండో వారమే తవిటమ్మ ఒక ఉపాయం చెప్పింది. "తల్లి పేరు మింగేద్దారే. బియ్యం పెడదాం, అంబలి తాగిద్దాం, పేరు కాడికొచ్చేసరికి నోట్లోనే గొణిగేద్దాం. ఆలకేటి తెలుస్తాది? పేరు నేకపోతే ఒట్టి బియ్యమే గదా" అంది. అందరూ పకపకా నవ్వి సరేనన్నారు. అప్పట్నుంచి అలాగే జరుగుతోంది.

ఇప్పుడీ పెట్టె మనిషి!

"నానే, వరాలుని. వరహాలుని. కార్తీక మాసంలో అనకాపల్లి బస్సు ఒచ్చింది కాదేటి? అందులో ఒచ్చినాను" అంది ఆవిడ, పెట్టె మీదే కూర్చుంటూ. "అందరూ ఫొటోలు దిగుతన్నారు. నాను అడిగినాను, ఇది నిజమేనా తల్లీ, ఉత్తినే ఆడతన్నారా అని. నువ్వేటన్నావు? మా కొండ మీద అబద్ధానికి బియ్యం వెయ్యం అన్నావు."

అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు బస్సు నిండా జనం. సెల్ఫీలు, ఈలలు, ఒకడైతే నుదుటి బియ్యం దులుపుకుని చికెన్ తిన్నాడు. వాళ్ల మధ్య ఈవిడ ఒక్కతే చెప్పులు దూరంగా విప్పి, పవిట భుజం నిండా కప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఇది నిజమేనా అని అడిగేసరికి నీలవేణికి ఎక్కడో గుచ్చుకుంది. రోషానికి ఆ మాట అనేసింది. అనేసి ఊరుకుందా? తల్లి పేరు మింగకుండా పైకే చెప్పింది. ఆ సంగతి తవిటమ్మకి కూడా చెప్పలేదు.

"నాను పెళ్లిళ్లలో వంట సేసే మనిసిని" అని వరహాలు చెప్పుకొచ్చింది. "కళ్యాణమండపం ఎనక గదిలో ఉండేదాన్ని. దాన్ని పడగొట్టీసినారు. ఎవులింటికెల్లాలా అనుకుంటే నువ్వు గుర్తొచ్చినావు. నా ఇల్లు నీ ఇల్లు, నీ ఇల్లు నా ఇల్లు అనుకున్నాం గదా. నాకిప్పుడు ఇల్లు నేదు. నీకుంది."

ఎంత తేలిగ్గా అందో! అలాంటి లెక్క నీలవేణి ఎన్నడూ వినలేదు. అలాగని అందులో తప్పు ఎక్కడుందో కూడా ఆమెకు దొరకలేదు.

సరిగ్గా అప్పుడే ఫల్గుణ జీపు ఆపి లోపలికొచ్చాడు. ఆమె మొగుడు. వరహాలుని చూసి, టూరిస్టులకి పలికే గొంతుతో, "వెల్కమ్ అమ్మా, ఎన్నాళ్లుంటారు?" అన్నాడు.

"ఎన్నాళ్లేటి బాబూ. సచ్చీదాకా."

ఫల్గుణ నోరు తెరిచి పెళ్లాం వైపు చూశాడు. సంగతి విన్నాడు. ముందు గతుక్కుమన్నాడు. కాసేపు బుర్ర గోక్కున్నాడు. అంతలో మొహం వెలిగిపోయింది. "నిజంగా నేస్తమేనా? తల్లి పేరు ఎత్తినావా? అలాగైతే మంచిదేనే! పద, ఇయ్యాల ఊరి సభలో అదే సెప్పు. ఈవిడ నేస్తమైతే రత్నాలూ నేస్తమే. మన పని బేగి తెమిలిపోద్ది" అన్నాడు.

నీలవేణి చీపురు అప్పుడు కింద పెట్టింది. మొగుడికి కలిగిన ఆనందం చూస్తే ఆమెకు భయం పట్టుకుంది.

ఆ రోజు సోమవారం. టూరిస్టులు దిగిపోయాక ఊరు ఊపిరి పీల్చుకునే రోజు. సభ పెట్టింది రత్నాలు కోరిక గురించే. ఊట పక్కనున్న నీలవేణి మడి ఆవిడకి కావాలి. అక్కడ ఈతకొలను తవ్వించి, చుట్టూ వెదురు కాటేజీలు కట్టిస్తుందట. ఏజెన్సీలో మైదానంవాళ్లు భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి పేరు నీలవేణిదే ఉంటుంది, అనుభవం రత్నాలుది. పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది అన్నమాట. ఇన్నాళ్లూ రత్నాలు తీయగా సాగదీసింది గానీ, నలుగురిలో నేస్తం అని పిలిచి అడగలేదు. అడగనంతవరకు నీలవేణి తప్పించుకు తిరగగలిగింది.

ఆ మడి ఆమెకున్న ఒకే ఒక్క తడి నేల. ఊట నీళ్లు ముందు అందులోకి, అక్కణ్నుంచి కింది మళ్లలోకి, ఆ తర్వాత ఊరి తొట్టెలోకి పోతాయి. టెంట్లకి పైపు వేసిన దగ్గర్నుంచే తొట్టె సగానికి తగ్గింది. బొంగు చికెన్ పుణ్యమా అని దగ్గర్లో వెదురు మిగల్లేదు, పొయ్యిలోకి కర్రకి కూడా పక్క కొండకి పోవాల్సి వస్తోంది. పచ్చగా పూసిన వలిసె చేలలోకి టూరిస్టులు చొరబడి ఫొటోలు దిగి దిగి, గింజ పట్టకముందే చేలు చదును చేసేశారు. కాఫీ మొక్కల మొదళ్లలో చిప్స్ కవర్లు. ఇదంతా నీలవేణి చూస్తూనే ఉంది.

కానీ ఇంకొకటి కూడా చూసింది. ఇదివరకు మిరపకాయలు కోయడానికి మైదానానికి వలసపోయి, జ్వరాలతో తిరిగొచ్చే తవిటమ్మ, ఈ ఏడు ఇంటి పట్టునే ఉంది. ఫల్గుణ జీపు తిరుగుతోంది. తన ఇంట్లో టూరిస్టులకిచ్చే రెండు గదులు ఎప్పుడూ ఖాళీ ఉండటం లేదు. ఈ మంచీ ఆ చెడూ ఒకే మూటలో వచ్చిపడితే, విప్పి వేరు చేయడం ఎవరి తరం? రత్నాలుని తిట్టుకోవాలంటే నోరు రాదు, మెచ్చుకోవాలంటే మనసు రాదు. ఆమె ఏడుపంతా అదే.

కాఫీ పళ్లు ఎండబెట్టే గచ్చు మీద జనం కూర్చున్నారు. మధ్యలో దిసారి మంగ్లు. ఫల్గుణకి చిన్నాన్న, నీలవేణికి చిన్నమామ. విత్తనం ఎప్పుడు చల్లాలో, ఇల్లు ఎటు తిప్పి కట్టాలో, తల్లికి ఏం పెట్టాలో చెప్పేది ఆయనే. మాట్లాడే ముందు ఆయనకి దగ్గడం అలవాటు. ఆ దగ్గుకి ఊళ్లో అందరూ నోరు మూస్తారు.

వరహాలు గచ్చు చివర, ఊరివాళ్లకి ఎడంగా, తన పెట్టె పక్కన కూర్చుంది. ఇంట్లో ఉండమంటే వినలేదు, "నీ ఊరోళ్లని నాను సూడొద్దేటి" అంది.

రత్నాలు ఆవిడని చూడనే చూసింది. ఎవరని తవిటమ్మని వాకబు చేసింది. తెలుసుకుని, రెండు చేతులూ జోడించి సభ మధ్యకి వచ్చింది. "మంగ్లు బాబూ, నానేటీ సెప్పక్కర్లేదు. అల్లదిగో, ఆ అప్పని సూడండి. అనకాపల్లి నుంచి పెట్టె సదురుకొని ఒచ్చీసింది. మా మైదానపోళ్లం నేస్తాన్ని ఎంత నమ్మినామో ఆవిడే సాచ్చికం. నానూ అదే సాప మీద కూకున్నాను. అవే బియ్యం, అదే అంబలి. ఆవిడ నేస్తమైతే నాను కాకపోతానా?" అంది.

గచ్చు మీద గుసగుసలు లేచాయి. తవిటమ్మ లేచి నిలబడింది. "ఓలమ్మో! అయితే నాకు బెంగుళూరులో ఎంతమంది నేస్తాలే! ఒక బట్టతలాయన అంబలి నచ్చిందని రెండు డొప్పలు తాగినాడు. ఆడు కూడా పెట్టె అట్టుకొనొత్తే నానెక్కడ పెట్టాల? నా మొగుడికేటి సెప్పాల?"

జనం ఘొల్లుమన్నారు. మంగ్లు కూడా నవ్వాపుకోలేక దగ్గాడు. కానీ రెండోసారి దగ్గినప్పుడు మాత్రం నవ్వు లేదు.

"నవ్వులాట కాదు" అన్నాడు. "టెంట్ల కాడ మీరు సేసింది నేస్తమైనా అవ్వాల, ఆటైనా అవ్వాల. ఈ మనిసికి నేస్తం, ఆ మనిసికి ఆట అంటే కొండ ఒప్పదు. ఒక సాప మీద కట్టినవన్నీ ఒకటే. నేస్తమైతే అందరికీ నేస్తమే, అడిగింది ఇయ్యాల్సిందే. ఆటైతే, తల్లి బియ్యంతో ఆటాడినందుకు తప్పు పెట్టుకోవాల. రేపట్నుంచి టెంట్ల కాడ మరి సాప పరవకూడదు." ఆయన నీలవేణి వైపు తిరిగాడు. "మొదట కూకున్నది నువ్వు. కోడలా, నువ్వే సెప్పు. తల్లి పేరు ఎత్తినావా, నేదా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నీలవేణి లేచి నిలబడింది.

వరహాలుకి పేరెత్తింది, అది ఖాయం. మిగతా టూరిస్టులకి ఎత్తలేదు, అదీ ఖాయం. మరి రత్నాలుకి? అది మొట్టమొదటిసారి. పేరు మింగేద్దామన్న ఉపాయం అప్పటికింకా పుట్టలేదు. వీడియో తీసే అబ్బాయి "ఇటు చూడండి, నవ్వండి" అంటున్నాడు. చిన్నప్పట్నుంచి నోటికొచ్చిన మాటలు గడగడా చెప్పేసింది. అందులో తల్లి పేరు ఉందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఒకసారి ఉన్నట్టే ఉంటుంది, ఇంకోసారి లేనట్టే ఉంటుంది. తన నోరు ఏం పలికిందో తనకే తెలియకపోవడం కంటే సిగ్గుచేటు ఏముంది!

ఫల్గుణ వెనక నుంచి మోచేత్తో పొడిచాడు. "ఎత్తినానని సెప్పీవే. కొలను ఒత్తే నాలుగు జీపులు తిరుగుతాయి."

ఇటు నుంచి తవిటమ్మ చెవి కొరికింది. "నేదని సెప్పు, మడి మిగులుద్ది." మళ్లీ తనే నాలిక్కరుచుకుంది. "ఓలే, నేదంటే మన పని పోద్ది గదే. ఒద్దొద్దు. ఉండు. నాకూ తెలీట్నేదు."

రత్నాలు మాత్రం చిరునవ్వుతో చూస్తోంది. నిజం చెప్పొద్దూ, ఆ చూపులో దుర్మార్గం కూడా లేదు. తవిటమ్మ కూతురికి నెప్పులొస్తే అర్ధరాత్రి తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయింది రత్నాలే. చెడ్డదైనా బాగుండేది, నీలవేణికి ఇంత తిప్పలుండేది కాదు.

ఆట అనేద్దామని నీలవేణి అప్పటికి తేల్చుకుంది. ఆట అంటే మడి ఉంటుంది, ఊట ఉంటుంది. పని పోతే పోయింది, మునుపు బతకలేదా? తప్పు పెట్టుకుని తల్లికి కోడిని కోస్తే సరిపోతుంది. ఇక ఈ వరహాలు సంగతి... ఆ సంగతి దగ్గరికొచ్చేసరికి ఆలోచన మళ్లీ మొదటికొచ్చింది.

"బాబూ, నానొక మాట సెప్పొచ్చునా?"

అందరూ గచ్చు చివరికి చూశారు. వరహాలు లేచి నిలబడి ఉంది. ఇంతసేపూ ఒక్కొక్కరి మొహం చూస్తూ, ఒక్కొక్క మాటా వింటూ కూర్చుంది మరి. ఏది ఎవరి మెడకు చుట్టుకుంటోందో ఆవిడకి అర్థమైపోయింది. జీవితమంతా పరాయి పెళ్లిళ్లలో పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి, పందిట్లో తగువు ఎక్కడ మొదలైందో కనిపెట్టలేదా?

"నాను ఏ నేస్తాన్నీ కాను" అంది వరహాలు. "బస్సులో ఒచ్చినాను, సికెన్ తిన్నాను, ఫొటో దిగినాను, ఎల్లిపోయినాను. అందరిలాగే. ఈ గుంట నాకే పేరూ సెప్పనేదు. ఉండడానికి చోటు నేక నానే కట్టుకథ అల్లుకొని ఒచ్చినాను. ఆటే బాబూ అది. ఉత్త ఆట."

రత్నాలు మొహంలో చిరునవ్వు మొదటిసారి సడలింది. "అదేటప్పా, ఇందాకంతా..." అంటూ ఏదో అనబోయింది. ఫల్గుణ నెత్తి కొట్టుకున్నాడు. తవిటమ్మ ఏడవాలో నవ్వాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

వరహాలు ఇంకెవరి మాటకీ ఆగలేదు. చెప్పులు తొడుక్కుంది. పెట్టె ఎత్తబోయింది, అది లేవలేదు. ఒక పక్క పిడి పట్టుకుని ఈడ్చుకుంటూ రోడ్డు దారి పట్టింది. రేకు రాళ్ల మీద గీసుకుంటున్న చప్పుడు సభంతా వినిపించింది. నీలవేణి వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

మంగ్లు దగ్గాడు. "అయితే తేలిపోయింది. ఆట." ఆయన గొంతులో కూడా బరువు దిగినట్టుంది. "ఆటే అయితే రత్నాలమ్మకి..."

తేలిపోయింది! మడి మిగిలింది. ఊట మిగిలింది. నీలవేణి చేయాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడటమే. ఇంత మంచి అవకాశం దేవుడు కూడా రెండోసారి ఇవ్వడు. అది ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. కూడు పెట్టి సాగనంపాల్సిన మనిషి, మంచినీళ్లయినా తాగకుండా పోతోంది. తన కోసం ఊరంతటి ముందూ అబద్ధమాడి పోతోంది. పేరు ఎత్తలేదని ఆవిడ చెప్పవచ్చు. ఎత్తిన నోరు తనది కదా! ఆ నోటితో రేపు తల్లి ముందు ఏం మొక్కుకుంటుంది? పిలుపు నోటి దాకా వచ్చింది. ఆపుకోవాలనే అనుకుంది. ఆపుకోలేకపోయింది.

"నేస్తం! ఆగు!"

అరుపు కొండకి తగిలి మళ్లీ వినపడింది. రేకు చప్పుడు ఆగిపోయింది. వరహాలు వెనక్కి తిరిగి, వద్దు వద్దన్నట్టు దూరం నుంచే చెయ్యి ఊపింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏటన్నావు కోడలా?" మంగ్లు నిలబడ్డాడు. "నేస్తం అని పిలిసినావా?"

"పిలిసినాను మామా. తల్లి పేరు ఎత్తినాను. ఆవిడ నా నేస్తమే."

చెప్పేశాక నీలవేణికి ఏడుపు వచ్చింది. అది బరువు దిగినందుకో, కొంప మునిగినందుకో ఆమెకే తెలియలేదు. ఫల్గుణ చప్పట్లు కొట్టబోయి, చుట్టూ ఎవరూ కొట్టకపోవడంతో చేతులు దించేశాడు. కింది మళ్లవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంగ్లు ఈసారి దగ్గలేదు.

రత్నాలు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. చెప్పులు గచ్చు అవతలే విప్పింది. పవిట భుజం నిండా కప్పుకుంది. నీలవేణి ఎదురుగా నిలబడి, ఆమె రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుంది. ఇన్నాళ్లూ అడగని మాట ఊరంతా వినేలా అడిగింది.

"నేస్తం. ఊట పక్క మడి నాకియ్యి."